ఆపిల్ బెరడులోని చేదు

ఆపిల్ పండు తీపిని శ్రోతలందరు ఎరుగుదురు. ఆ చెట్టు బెరడులోని చేదును గూర్చి నేడు మేము ముచ్చటింపదలచితిమి. 1835లో స్టాస్, డి కోనింక్ అను బెల్జియము రసాయనజ్ఞులు ఆ బెరడునుండి ఫ్లోరిజిన్ అను పదార్థమును వేరుచేసిరి. ఇది ఫ్లేవనాయిడ్ల జాతికి చెందినది. సింకోనా బెరడువలె చేదుగా నుండుటచే ఇదియు జ్వరమునకు మందగునని తొలుత తలచిరి.

1886లో ఫాన్ మేరింగ్ అను జర్మను వైద్యుడు దీనిని కుక్కలకిచ్చి చూడగా, వాటి మూత్రములో చక్కెర కనబడెను. మధుమేహము పుట్టినదనియే తోచును గదా! కాని రక్తములో చక్కెర పెరుగలేదు. ఏమి ఈ వింత?

మన మూత్రపిండములు దినమునకు సుమారు 180 గ్రాముల చక్కెరను రక్తమునుండి వడగట్టి, దాదాపు అంతయు మరల రక్తమునకే చేర్చును. అట్లు చేర్చు వాహకములను ఫ్లోరిజిన్ అడ్డగించును. అందుచేతనే చక్కెర వెలికి పోవును. ఈ గుణమువలననే చక్కెర రాకపోకలను పరిశోధించుటకు ప్రయోగశాలలలో దీనిని వాడుచున్నారు.

రోగమువలె కనబడినదే రోగమునకు విరుగుడు కారాదా? 1987లో మధుమేహము గల ఎలుకలకు దీనినిచ్చినపుడు రక్తములోని చక్కెర తగ్గెను. అయినను నోట మింగినచో ఇది ప్రేగులలో విడిపోవును. కావున శాస్త్రజ్ఞులు దీని నిర్మాణమును మార్చి, క్రొత్త మందులను సృజించిరి. వానిలో ఒకటియైన డాపాగ్లిఫ్లోజిన్ 2012లో ఐరోపాలో అనుమతి పొందెను.

శ్రోతలకు మా మనవి యొక్కటే: బెరడు కషాయము ఆ మందులకు సాటి రాదు. దానిని నమ్మి వైద్యుడిచ్చిన మాత్రలను మానరాదు.