వావిలి, నిషిందా: ఒకే మొక్క, రెండు పేర్లు



పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పేరు వినగానే పొడవాటి రైల్వే ప్లాట్‌ఫారం, 1951లో మొదలైన ఐ.ఐ.టి. మీకు గుర్తుకు వస్తాయి. అది తెలుగువారు ఎక్కువగా ఉన్న ఊరు కూడా. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే అక్కడ వర్క్‌షాపు నెలకొల్పాక, ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు పని కోసం వెళ్లి స్థిరపడ్డాయి. తెలుగునాట చేలగట్ల మీద కనిపించే ఒక పొద ఆ ప్రాంతపు ఎర్రమట్టి నేలల్లోనూ పెరుగుతుంది. మనం దాన్ని వావిలి అంటాం. బెంగాలీలు నిషిందా అంటారు. సంస్కృతంలో నిర్గుండి, సింధువారం. వినాయకచవితి పూజలోని 21 పత్రాల్లో సింధువార పత్రం ఇదే.

ఇన్ని పేర్లుంటే అందరూ చెబుతున్నది ఒకే మొక్క అని తెలిసేదెలా? ఆ చిక్కు తీర్చేది శాస్త్రీయ నామం. 1753లో లిన్నేయస్ దీనికి వైటెక్స్ నెగుండో అని పేరు పెట్టాడు. పూర్వం వర్బినేసీ కుటుంబంలో ఉంచిన ఈ మొక్కను ఇప్పుడు తులసి ఉన్న లామియేసీలో చేర్చారు.

దీన్ని గుర్తుపట్టడం తేలిక. కాడ చివర అరచేతి వేళ్లలా సాధారణంగా 5 పత్రకాలు, ఒక్కోసారి 3 ఉంటాయి. ఆకు పైభాగం ఆకుపచ్చగా, అడుగుభాగం బూడిదరంగులో ఉంటుంది. పూలు లేత ఊదారంగువి. ఆకు నలిపితే ఘాటైన వాసన వస్తుంది. అది ఆకులోని బాష్పశీల తైలాల వాసన. పశువులు దీన్ని అంతగా మేయవు కనుక రైతులు కంచెగా పెంచుతారు.

వావిలాకు వేసి కాచిన నీళ్లతో బాలింతలకు స్నానం చేయిస్తారు. జలుబు చేస్తే ఆవిరి పడతారు. కీళ్లనొప్పులకు వేడిచేసిన ఆకుతో కాపడం పెడతారు. ఎండిన ఆకులను ధాన్యంలో పురుగు పట్టకుండా వేస్తారు.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోండి. కాపడంతో నొప్పి తగ్గింది సరే, తగ్గించింది ఆకా, వేడా? వేడి ఒక్కటే కూడా కండరాలకు హాయినిస్తుంది కదా! వావిలాకు సారం నొప్పిని, వాపును తగ్గించినట్లు ఎలుకలపై జరిగిన ప్రయోగాల్లో కనిపించింది. అంతమాత్రాన అది మనుషులకు మందని రుజువైనట్లు కాదు. కనుక ఆకురసం సొంతంగా తాగకండి. గర్భిణులు మరీ జాగ్రత్తగా ఉండాలి. జ్వరం వస్తే డాక్టరు దగ్గరకే వెళ్లండి.

పరీక్షించి చూడడానికి మీకొక పని. రెండు సీసాల్లో ఒకే రకం పెసలు సమానంగా పోయండి. ఒకదానిలో మాత్రమే ఎండిన వావిలాకు వేయండి. రెండింటినీ ఒకేచోట ఉంచి, నెలరోజుల తర్వాత పుచ్చిన గింజలు లెక్కపెట్టండి. ఫలితం ఏదైనా ఉన్నదున్నట్లు రాయండి.

మొక్క గట్టు మీదే ఉన్నా, దాని పేరూ వాడకమూ తెలిసినవారు తగ్గిపోవచ్చు. ఈ ఆదివారం మీ అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి, వారు చెప్పింది నోటుపుస్తకంలో రాసుకోండి.