అత్తమ్మను కూడా మీటింగుకు పిలుద్దాం
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, రికవరీ లెక్కలు ఇందాకే విన్నారు. మేము ఐరన్ మాత్రల గురించి మాట్లాడతాం. గర్భిణికి నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 మాత్రలు ఉచితంగా ఇస్తున్నారు. రక్తం తక్కువున్న తల్లికి కాన్పులో రక్తస్రావమైతే ప్రాణం మీదికొస్తుందని మనకందరికీ తెలుసు. అయినా ఎన్నో ఇళ్లలో ఆ మాత్రలు డబ్బాలోనే ఉంటున్నాయి. తెలిసిన మాట చేతల్లోకి ఎందుకు రాదు?

దీనిమీద కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో పనిచేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో మంచి మాంసం సైన్యానికి పోతుంటే, ఇళ్లలో గుండెకాయ, కిడ్నీలు వండించాలని అక్కడ చూశారు. మనమైతే గుండెకాయ, కార్జం అడిగి మరీ తెచ్చుకుంటాం. వాళ్లకు అసహ్యం. లెవిన్ ఆరు బృందాల ఆడవాళ్లను తీసుకున్నాడు, ఒక్కోదాంట్లో 13 నుంచి 17 మంది. మూడు బృందాలకు ఉపన్యాసం ఇప్పించి, వండే విధానం రాసిన కాగితాలు పంచారు. మిగతా మూడింటిలో "మనలాంటి ఇల్లాళ్లు ఇది వండాలంటే అడ్డేమిటి?" అని అడిగారు. వాసనొస్తుంది, మొగుడు ముట్టడు, అన్నీ బయటికొచ్చాయి. చివర్లో "ఈ వారం ఎవరెవరు వండి చూస్తారు?" అని చేతులెత్తమన్నారు, మళ్లీ వచ్చి అడుగుతామని కూడా చెప్పారు. తర్వాత విచారిస్తే, ఉపన్యాసం విన్నవాళ్లలో నూటికి 3 మంది వండారు. మాట్లాడుకొని చేతులెత్తిన బృందాల్లో నూటికి 32 మంది. మిగతా 68 మంది అప్పుడూ వండలేదు, అదీ చెప్పుకోవాలి.

లెవిన్ ఇంకోటి గమనించాడు. మనిషిని వెనక్కి పట్టి ఉంచేది ఏదో ఉంటుంది, దాన్ని తీయకుండా ముందుకు నెడితే పెనుగులాటే పెరుగుతుంది. బండి చక్రం కింద రాయి ఉంటే ఎద్దును కొట్టి ఏం లాభం? పైగా ఇంట్లోకి ఏ తిండి రావాలో నిర్ణయించే మనిషి ఒకరుంటారు, ముందు ఆ మనిషిని చూడాలన్నాడు. అక్కడ ఇల్లాలు. మన ఇళ్లలో కోడలు ఏం మింగాలో చాలాసార్లు అత్తమ్మ చెప్తుంది. ఆమెను వదిలేసి కోడలికే పాఠం చెప్తే ఎట్లా?

అత్తమ్మ మాటలు కొట్టిపారేసేవి కావు. "బిడ్డ మరీ పెద్దదైతే కాన్పు కష్టం" అంటుంది. ఆమె ఇంట్లోనే కన్నది, ఆ భయం ఊరికే రాలేదు. దొడ్డికి నల్లగా వస్తే ఎవరికైనా గాభరే. మాత్రతో అట్లా రావడం మామూలేనని ఆమెకు ఎవరైనా ముందు చెప్పారా? వికారమైతే అన్నం తిన్నాక వేసుకోవచ్చు, టీతో మాత్రం వద్దు. ఇవి అడిగితేనే చెప్పుకునే మాటలు.

అందుకని మా ప్రతిపాదన ఇది. వచ్చే నెల గ్రామ సమాఖ్య మీటింగుకు ప్రతి గర్భిణితో పాటు వాళ్ల అత్తనో అమ్మనో పిలవాలి. ఆశా అక్క ఉపన్యాసం ఇవ్వదు, పక్కన కూర్చుని అడిగినదానికి జవాబు చెప్తుంది. మొదటి అరగంట అభ్యంతరాలకే. తర్వాత ఇష్టమున్నవాళ్లు చేతులెత్తాలి, తీర్మానం పుస్తకంలో రాసుకోవాలి, పదిహేను రోజులకు సంఘం లీడరు ఇంటికెళ్లి అడగాలి. చెయ్యెత్తనివాళ్ల పేర్లు రాయొద్దు. వాళ్లను పై నెల మీటింగుకు మళ్లీ పిలవండి.