రెండోసారి దక్కిన గద్దె

ఒట్టోమన్ సుల్తాన్ రెండో మెహ్మద్ 1432లో అప్పటి రాజధాని ఎదిర్నెలో పుట్టాడు. అన్నలు చనిపోవడంతో పదకొండేళ్లకే వారసుడయ్యాడు. 1444లో హంగరీతో పదేళ్ల సంధి కుదిరాక తండ్రి రెండో మురాద్ తానై గద్దె దిగి, పన్నెండేళ్ల కొడుకుకు రాజ్యం అప్పగించాడు. సంధి నెలలు కూడా నిలవలేదు. డాన్యూబ్ దాటి వచ్చిన క్రూసేడ్ సేనను నవంబరు 10న వార్నా దగ్గర ఓడించడానికి మళ్లీ మురాదే రావలసి వచ్చింది.

1446లో ఎదిర్నెలో సుల్తాన్ కాల్బలమైన జానిసరీలు తిరగబడ్డారు. వెండి నాణెం అక్చెలో వెండి తగ్గించడంతో వాళ్ల జీతం విలువ పడిపోయింది. రోజుకు అర అక్చె పెంచాకే శాంతించారు. వాళ్లు గుమిగూడిన గుట్టకు ‘అర’ అన్న అర్థంతోనే బుచుక్ తెపె అని పేరొచ్చిందంటారు. ప్రధాన వజీరు చందర్లీ హలీల్ పాషా ఇదే అదనుగా మురాద్‌ను వెనక్కి పిలిపించాడు. పద్నాలుగేళ్ల సుల్తాన్ మళ్లీ యువరాజై మనిసా పట్టణం చేరాడు.

కాన్‌స్టాంటినోపుల్ ముట్టడి గురించి చెప్పనివారు లేరు. మీరు చదువు ముగించి పట్టాలు అందుకునే ఈ వేళ చెప్పుకోవలసింది అంతకుముందు గడిచిన చదువు రోజుల గురించి. మెహ్మద్‌ది మొదట్లో మొండి చదువు. గురువు ముల్లా గురానీ చేతికి మురాద్ బెత్తమిచ్చి మరీ పంపాడని చరిత్రకారులు రాశారు. అతనిదిగా చెప్పే చిన్ననాటి నోటుపుస్తకం ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపి భవనంలో ఉంది. అందులో మనుషుల తలలు, గుర్రాలు, పక్షుల బొమ్మలు. 1448లో కొసొవో యుద్ధానికి తండ్రి వెంట వెళ్లి, సైన్యం నడిచే తీరు దగ్గరుండి చూశాడు.

1451 ఫిబ్రవరిలో మురాద్ చనిపోయాడు. పద్దెనిమిదేళ్ల మెహ్మద్ ఎదిర్నె చేరి గద్దెనెక్కాడు. పాలు తాగే వయసున్న సవతి తమ్ముణ్ని చంపించాడు. ఆ పసివాడి నెత్తురును ఏ విజయమూ కడగలేదు. హలీల్ పాషాను మాత్రం పదవిలోనే ఉంచాడు. పట్టాభిషేక కానుక కోసం జానిసరీలు అడ్డుపడితే ఇచ్చాడు, ఆపైన వాళ్ల నాయకుణ్ని తొలగించాడు. కుర్రాడు ఓపిక నేర్చుకుని వచ్చాడు.

కాన్‌స్టాంటినోపుల్ ముట్టడికి సిద్ధపడుతూ 1452లో బాస్ఫరస్ ఒడ్డున రుమేలీ కోటను అయిదు నెలల లోపే కట్టించాడు. మూడు పెద్ద బురుజుల భారం ముగ్గురు పాషాలకు పంచాడు. వారిలో హలీల్ ఒకడు. ముట్టడి వద్దని వాదించిన హలీల్ మాట ఈసారి చెల్లలేదు. 1453 మే 29న, 53 రోజుల ముట్టడి తరవాత, కాన్‌స్టాంటినోపుల్ పడిపోయింది. మెహ్మద్‌కు ఇరవై ఒకటి. కొద్ది రోజులకే హలీల్‌ను బంధించి, తరవాత మరణశిక్ష అమలు చేయించాడు. మెహ్మద్‌ను దింపి మరొకరిని పిలిపించగల వజీరు ఇక దర్బారులో లేడు.