పాడేటోడు ఎప్పుడొస్తడు? సత్రియానీ గిటార్, శ్రీనివాస్ మాండలిన్

ఈ ఎపిసోడ్ నెల్లికుదురులో మా ఇంట్లోనే రికార్డ్ చేస్తున్నా. మధ్యలో కోడి కూస్తే ఏమనుకోకండి.

మొన్న ఈ టాక్ కోసం జో సత్రియానీ 'సర్ఫింగ్ విత్ ది ఏలియన్' ఆల్బమ్ స్పీకర్లో పెట్టుకొని నోట్స్ రాసుకుంటున్నా. మా నాన్న వచ్చి పక్కన కూర్చున్నడు. రెండు ట్రాకులు ఓపిగ్గా విని అడిగిండు: "ఇగ పాడేటోడు ఎప్పుడొస్తడురా?"

నవ్వొచ్చింది. కానీ ఆ ప్రశ్నలో తప్పేం లేదు. మనకు మ్యూజిక్ అంటే పాట. గిటార్ అయినా వయొలిన్ అయినా పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే బిట్టు. మరి అసలు పాడేవాడే లేని ఆల్బమ్ ఎట్లా నిలబడుతుంది?

సత్రియానీ గిటార్ టీచర్. స్టీవ్ వై, మెటాలికా కిర్క్ హామెట్ ఈయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. శిష్యులు స్టార్లు అవుతుంటే గురువు మాత్రం మొదటి ఆల్బమ్ 'నాట్ ఆఫ్ దిస్ ఎర్త్'ను క్రెడిట్ కార్డు మీద అప్పు చేసి తీశాడు. (జాబ్ మానేసి ఈఎంఐలో మైక్ కొన్నవాడిగా నాకు ఈ ముక్క బాగా అర్థమైంది.) రెండోది 1987 అక్టోబర్‌లో వచ్చిన 'సర్ఫింగ్ విత్ ది ఏలియన్'. చిన్న కంపెనీ, చిన్న బడ్జెట్. డ్రమ్స్ చాలావరకు మెషీన్‌తో నడిపించారు. బేస్ గిటార్ కూడా ఎక్కువగా తనే వాయించుకున్నాడు. అది బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో 29వ స్థానం దాకా పోయింది. తర్వాత అమెరికాలోనే 10 లక్షల కాపీలు దాటింది. 1988లో మిక్ జాగర్ తన టూర్‌కి ఈయన్నే గిటారిస్టుగా తీసుకున్నాడు.

స్పీడ్ వల్లే ఇదంతా అనుకుంటే పొరపాటు. అప్పట్లో స్పీడుగా వాయించేవాళ్లు చాలామందే ఉన్నారు. 'ఆల్వేస్ విత్ మీ, ఆల్వేస్ విత్ యూ' వినండి. మధ్యలో కాస్త పరుగు ఉంటుంది గానీ, అసలు ట్యూన్ మీరు స్నానం చేస్తూ కూనిరాగం తీయొచ్చు. అంటే సింగర్ చేసే పని గిటార్‌కి అప్పజెప్పాడు. కానీ తీగను మీటితే మోత పుట్టిన క్షణం నుంచే తగ్గిపోతుంటుంది. గొంతులాగా సాగదు. అందుకే యాంప్లిఫయర్‌ని దాని హద్దు దాటించి, ఆ డిస్టార్షన్‌తో స్వరాన్ని నిలబెడతారు. పైగా సత్రియానీ ప్రతి స్వరాన్నీ విడివిడిగా మీటడు. ఒకసారి మీటి, ఎడమచేతి వేళ్లతోనే నాలుగైదు స్వరాలు పలికిస్తాడు. ఒకే ఊపిరిలో పాడినట్టు ఉంటుంది.

ఇక్కడిదాకా రాసుకున్నాక నాకు పాలకొల్లు గుర్తొచ్చింది.

ఉప్పలపు శ్రీనివాస్. పుట్టింది 1969లో, పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో. మనం మాండలిన్ శ్రీనివాస్ అంటాం. మాండలిన్‌కి మామూలుగా నాలుగు జతల తీగలుంటాయి. ఒక్కో జతలో రెండూ ఒకే శ్రుతి. గమకం కోసం లాగితే రెండూ సమానంగా కదలాలి, లేదంటే శ్రుతి చెడుతుంది. మీటిన స్వరమేమో టక్కున ఆగిపోతుంది. కర్ణాటక సంగీతానికి ఇంతకన్నా మొండి వాయిద్యం దొరకదు. ఆయన జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టాడు, ఐదో తీగ కలిపాడు, ఎలక్ట్రిక్ చేశాడు. దాంతో వేలు మెల్లగా జారినా ఆ జారుడు కూడా వినపడుతుంది. అసలు నాకు నచ్చిన విషయం ఇంకోటి. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని తీగల మీద పలికించేవాడు. అంటే నేర్చుకున్నదే గొంతు నుంచి!

1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించినప్పుడు శ్రీనివాస్‌కి 14 ఏళ్లు. 1995లో కెనడా గిటారిస్ట్ మైకేల్ బ్రూక్‌తో కలిసి 'డ్రీమ్' చేశాడు. పీటర్ గాబ్రియెల్ పెట్టిన రియల్ వరల్డ్ దాన్ని విడుదల చేసింది. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన 'రిమెంబర్ శక్తి'లో వాయించాడు. 2014 సెప్టెంబర్‌లో, 45 ఏళ్లకే పోయాడు. ఇంజినీరింగ్ నాలుగేళ్లూ హాస్టల్లో సత్రియానీ కోసం కొట్లాడుకున్న మా బ్యాచ్‌లో ఒక్కడు కూడా, నాతో సహా, 'డ్రీమ్' వినలేదు. అది నాకు ఇప్పటికీ కొంచెం సిగ్గుగానే ఉంది.

సరే, నాన్న దగ్గరికొద్దాం. ఆ సాయంత్రం చెప్పకుండా శ్రీనివాస్ కచేరీ పెట్టా. పాడేటోడి గురించి అడగలేదు. కాసేపు విని, "ఇది సన్నాయా, వీణనా?" అన్నడు. మాండలిన్ అంటే నమ్మలేదు, ఫోన్‌లో ఫొటో చూపించాల్సి వచ్చింది. దాని వెనకే 'ఆల్వేస్ విత్ మీ' పెట్టా. పూర్తిగా విన్నడు. "గిది మంచిగనే ఉన్నది" అన్నడు.

అదే ఊపులో 'సాచ్ బూగీ' పెట్టా. బర్రెకు నీళ్లు పెట్టాలని లేచి పోయిండు.