మరణభయం వదిలిన చేతులు: పునరుత్థాన విశ్వాస చరిత్రలో ఒక ఘట్టం

ఎవరి స్మృత్యర్థం మనం ఇక్కడ కూడామో ఆ ఆచార్యులు తొలినాటి సంఘ చరిత్రను మూలగ్రంథాల్లోనే వెతకాలని పట్టుబట్టినవారు. ఆ పద్ధతిలోనే ఒక ప్రశ్నను పరిశీలిస్తాను. క్రీస్తు మృతుల్లోంచి లేచాడన్న నమ్మకం మనుషులకు ఇచ్చిన శాంతి, ధైర్యం ఎలాంటివి? చావుకు ఎదురెళ్లే తెగింపా, చావు పక్కనే ఉంటూ చేయవలసిన పని చేయగల స్థిమితమా? రెండోదేనని నా వాదన. ఖాళీ సమాధి, తలుపులు బిగించుకుని కూర్చున్న శిష్యులు, పెంతెకొస్తు దినం మీకు తెలిసినవే. ఒక్కటి మాత్రం గుర్తుచేస్తాను. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో పౌలు 58 వచనాలపాటు పునరుత్థానం గురించి వాదిస్తాడు. ముగింపులో మాత్రం పరలోకాన్ని వర్ణించడు. చేస్తున్న పనిలో స్థిరంగా ఉండమనీ, పడ్డ శ్రమ వృథా పోదనీ చెప్పి ఆపుతాడు. ఆ ముగింపును అక్షరాలా ఆచరించిన తరం మూడో శతాబ్దంలో కనిపిస్తుంది. అందుకే రెండో శతాబ్దపు సిద్ధాంత వివాదాలను దాటి నేరుగా అక్కడికే వస్తున్నాను.

249 ప్రాంతంలో రోమన్ సామ్రాజ్యాన్ని ఒక మహమ్మారి పట్టుకుంది. కార్తేజ్ బిషప్ సిప్రియన్ రాసిన చిన్న గ్రంథంలో దాని లక్షణాలున్నాయి: ఆగని విరేచనాలు, గొంతులో పుండ్లు, ఎర్రబడిన కళ్లు, కొందరికి చూపో వినికిడో పోవడం. విశ్వాసులకూ ఈ రోగం ఎందుకొచ్చిందని సంఘంలోనే కొందరు అడిగారు. శరీరం ఉన్నంతకాలం శరీర కష్టాలు అందరికీ ఒకటేనని ఆయన దాచకుండా చెప్పాడు. పోయినవారి కోసం నల్లబట్టలు కట్టి, ఆశ లేనివాళ్లలా కుమిలిపోవద్దన్నాడు. ఆయన జీవితచరిత్ర రాసిన పొంటియస్ ప్రకారం, సాయం మనవాళ్లకే కాదు, హింసించినవాళ్లకూ అందాలని ఆయన బోధించాడు. అదే రోజుల్లో అలెగ్జాండ్రియా బిషప్ దియొనీసియస్ పంపిన పండుగ లేఖలో ఇంకా దగ్గరి దృశ్యం ఉంది. చనిపోయినవారి కళ్లూ నోరూ మూసి, ఒళ్లు కడిగి, గుడ్డ చుట్టి, భుజాన మోసి పాతిపెట్టినవాళ్లు కొద్దిరోజులకే అదే సేవ ఇతరుల చేత చేయించుకున్నారని అందులో రాశాడు. ఈ దేహం మళ్లీ లేస్తుందని నమ్మినవాళ్లు దేహాన్ని చులకన చేయలేదు, శ్రద్ధగా కడిగారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉంది. దియొనీసియస్ వర్ణనలో ఏథెన్స్ తెగులు గురించి గ్రీకు చరిత్రకారుడు థుసిడిడిస్ రాసినదాని ఛాయ కనిపిస్తుందనీ, ఇది తన సంఘాన్ని తాను పొగుడుకోవడమనీ అంటారు. ఛాయ ఉన్నమాట నిజమే, అన్యులను ఆయన మరీ నల్లగా చిత్రించాడన్నదీ నిజమే. కానీ సుమారు వందేళ్ల తర్వాత, 362 ప్రాంతంలో, క్రైస్తవం పొడ గిట్టని చక్రవర్తి జూలియన్ ఒక పూజారికి రాసిన లేఖ ఉంది. ఆ మతం పెరగడానికి పరదేశుల పట్ల ఆదరణ, చనిపోయినవారి సమాధుల విషయంలో శ్రద్ధ కారణాలని ఆయన ఫిర్యాదు ధోరణిలో ఒప్పుకున్నాడు. ప్రత్యర్థి నోట వచ్చిన సాక్ష్యాన్ని స్వోత్కర్ష అని కొట్టిపారేయలేం.

ఇంతకన్నా పెద్ద పేచీ పండితుడు ఈ.ఆర్. డాడ్స్‌తో. 1965లో వచ్చిన తన ఉపన్యాస గ్రంథంలో ఆయన ఆ యుగాన్ని ఆందోళనల యుగంగా చూశాడు, హతసాక్షులలో కొందరిలో మృత్యుకాంక్షను పసిగట్టాడు. అధికారుల ముందుకు తామే నడిచివెళ్లినవారి ఉదాహరణలను చరిత్రకారుడు శాంట్ క్రాయ్ అంతకుముందే పోగుచేశాడు. అలాంటివారు ఉన్నారు, కాదనను. కానీ సంఘం వారిని ఆదర్శంగా నిలబెట్టిందా? రెండో శతాబ్దపు బిషప్ పోలికార్పు మరణవృత్తాంతం చదవండి. తానే ముందుకొచ్చిన క్వింటస్ మృగాలను చూడగానే బెదిరి బలి అర్పించాడు. తమను తాము అప్పగించుకునేవారిని మెచ్చుకోబోమని ఆ వృత్తాంతమే చెబుతుంది. పోలికార్పు అయితే మొదట పొలానికి తప్పుకున్నాడు. సిప్రియన్ కూడా 250లో అజ్ఞాతంలోకి వెళ్లి, అక్కడి నుంచే సంఘాన్ని నడిపాడు. 258 సెప్టెంబరు 14న శిక్ష తప్పనప్పుడు మాత్రం తడబడలేదు. తన తల నరకబోయే మనిషికి 25 బంగారు నాణేలు ఇవ్వమని చెప్పాడు. చావును కోరుకునేవాడు పారిపోడు, చావుకు వణికేవాడు తలారిని గుర్తుపెట్టుకోడు. డాడ్స్ సిద్ధాంతంలో ఈ మనిషికి చోటెక్కడ? హింస అడపాదడపా మాత్రమే జరిగిందనీ, చాలా హతసాక్షి కథలు తర్వాత అల్లినవనీ 2013లో కాండిడా మాస్ వాదించారు. అందులో సత్యం ఉంది. అయితే నా వాదన హతసాక్షుల లెక్క మీద ఆధారపడలేదు. రోగి దగ్గర ఆగిపోయినవారి మీద ఆధారపడింది.

మరి 250లో చక్రవర్తి డెసియస్ ఆజ్ఞకు లొంగి బలులు అర్పించిన విశ్వాసుల సంగతేమిటి? కార్తేజ్‌లో వాళ్లు చాలామందే. నమ్మకం అందరినీ ఒకేసారి ధైర్యవంతులను చేయదని ఇది రుజువు చేస్తుంది. కానీ పశ్చాత్తాపపడినవారిని, మరో హింస ముంచుకొస్తోందన్న భయం మధ్య, సంఘం తిరిగి చేర్చుకుంది. బొంకిన పేతురునే పునరుత్థానుడు మళ్లీ పనిలో పెట్టాడని నమ్మినవారికి అది సహజం. శాంతి అంటే వాళ్లకు ఓడినవాడికి కూడా తిరిగి నిలబడే చోటు దొరకడం.

సమయం మించుతోంది. మధ్యయుగాలను వదిలేస్తున్నాను. 1732లో జర్మనీలోని హెర్న్‌హుట్‌లో మొరేవియన్ క్రైస్తవులు ఈస్టర్ వేకువన సమాధుల మధ్య ఆరాధన మొదలుపెట్టారు. మన ఊళ్లలోనూ ఈస్టర్ వేకువన సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలుగుతాయి. 1945 ఏప్రిల్ 9న నాజీలు ఉరితీసిన జర్మన్ పాస్టర్ బోన్‌హోఫర్, అంతకుముందు ఏడాది జైలు నుంచి రాసిన లేఖలో, పునరుత్థాన నిరీక్షణ మనిషిని ఈ లోకపు జీవితంలోకే తిరిగి పంపుతుందని వివరించాడు. మూడో శతాబ్దంలో మృతులను మోసినవారు చేసి చూపింది అదే. తెలుగు సంఘ చరిత్రలో 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి అందరికీ కంఠతా వచ్చు. దానికి ముందు కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించిన సంగతి అంతగా చెప్పుకోం. ఆ కరువులో ఎవరు ఎవరికి గంజి పోశారో, కలరా వచ్చిన ఇంట్లోకి ఎవరు అడుగుపెట్టారో, దిక్కులేని శవాలను ఎవరు పాతిపెట్టారో పాత మిషన్ రికార్డుల్లో, కుటుంబాల జ్ఞాపకాల్లో వెతకండి. పునరుత్థాన విశ్వాసం తెలుగువారికి ఎంత శాంతి, ఎంత ధైర్యం ఇచ్చిందో ఆ వివరాలే చెబుతాయి. ఇక్కడున్న యువ పరిశోధకులు ఆ పని చేపట్టడమే మన ఆచార్యులకు మనం చెల్లించగల ఋణం.