పాజిట్రానుల జమాఖర్చు



నక్షత్రవీథుల లెక్క సరిపోవుట లేదని 1933లో ఫ్రిట్జ్ జ్వికీ అను శాస్త్రజ్ఞుడు గుర్తించెను. కోమా యను నక్షత్రవీథుల సమూహము చెదరిపోక నిలుచుటకు అందు వెలుగునిచ్చు పదార్థము చాలదు. 1970 తరువాత వేరా రూబిన్ జరిపిన పరిశీలనలు ఆ మాటకు బలము చేకూర్చినవి. నేటి గణనల ప్రకారము విశ్వమందలి పదార్థములో సుమారు ఆరింట ఐదు వంతులు కంటబడని కృష్ణపదార్థమే.

కంటబడని దానిని పట్టుటెట్లు? కృష్ణపదార్థపు కణములు రెండు ఢీకొని నశించినచో ఎలక్ట్రానులు, ప్రోటానులతో పాటు వాని ప్రతికణములును పుట్టవలెనని యొక ఊహ. ఎలక్ట్రానులు విశ్వకిరణములందు కొల్లలు. కొన్ని యెక్కువైనను తెలియదు. పాజిట్రానులు అరుదు. నిండు చెరువులో చెంబెడు నీరు పోసిన నెవరు గుర్తింతురు? ఎండిన బావిలో పోసిననే తెలియును.

పాజిట్రాను 1932లో కార్ల్ ఆండర్సనుకు దొరకినదియు విశ్వకిరణములందే. ఎలక్ట్రాను, పాజిట్రానుల సంఘర్షణమును గణితమున తేల్చినవాడు మన హోమీ భాభా యనుట ఇచ్చట స్మరింపదగినది.

విశ్వకిరణములు వాయుమండలమున ప్రవేశింపగనే ఛిన్నాభిన్నములగును గనుక యంత్రము పైనుండవలెను. 2006లో రష్యా ఉపగ్రహముపై వెళ్లిన పమేలా, శక్తి హెచ్చిన కొలది తగ్గవలసిన పాజిట్రానుల వంతు పెరుగుచున్నదని చూపెను. 2011 మే నెలలో సామ్యూల్ టింగ్ నాయకత్వమున నిర్మితమైన ఏ.ఎం.ఎస్. అను ఏడున్నర టన్నుల యంత్రము అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునకు చేరినది. అందలి అయస్కాంతము ఎలక్ట్రానును ఒక ప్రక్కకును, పాజిట్రానును వేరొక ప్రక్కకును వంచును. కాని ప్రోటానునకును ధనావేశమే! ఒక్క పాజిట్రానునకు వేలకొలది ప్రోటానులు వచ్చుచుండును. వానిని ఏరివేయుటయే అసలు శ్రమ. ఆ యంత్రము పెరుగుదలను స్థిరపరచి, సుమారు 300 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల పిమ్మట పాజిట్రానులు వేగముగ తగ్గుచున్నవనియు తేల్చెను.

చలానా లేని జమ యిది. కట్టినవారెవరు? కృష్ణపదార్థమని కొందరు, పల్సారులని మరికొందరు. పల్సారులును ఎలక్ట్రాను, పాజిట్రానుల జంటలను పుట్టింపగలవు. గెమింగా యను పల్సారు చుట్టును కణములు మిక్కిలి నెమ్మదిగ వ్యాపించుచున్నవనియు, అవి యిచ్చటికి చేరుట అరుదనియు 2017లో మెక్సికోలోని హాక్ పరిశీలనశాల ప్రకటించెను. అంతటితో పల్సారుల పక్షము ఓడినదనుట తొందరపాటు. ఆ పరిసరము దాటిన తరువాత కణములు వేగముగ వ్యాపింపవచ్చునని ఇతరులు చూపిరి. పైగా ఇన్ని పాజిట్రానులు కృష్ణపదార్థము వలననే వచ్చినచో, తోడుగ గామా కిరణములును ఆ మేరకు కనబడవలెను. అవి కనబడలేదు. కనుక ప్రస్తుతము పల్సారుల వాదమే బలవత్తరము.

ఐనను పల్సారులు చేయజాలనిది యొకటి కలదు: ప్రతిడ్యూటెరాను. సామాన్య విశ్వకిరణముల తాకిడి వలన నెమ్మదిగ కదలు ప్రతిడ్యూటెరానులు పుట్టుట అత్యంత విరళము. అట్టివి కొన్ని దొరకినను చాలునని, అంటార్కిటికాపై బెలూనున ఎగురవేసి వెదకుటకై గ్యాప్స్ అను పరికరము నిర్మింపబడినది.