పాల బండి లీజు: సంతకానికి ముందు, తగాదా వచ్చాక

(మడకశిరలో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



మన సీమలో వాన మొగం చాటేసి వేరుశనగ ఎండిపోయిన ఏడు కూడా ఇంట్లోకి నాలుగు రూకలు తెచ్చేది పాడి ఆవే. ఆ పాలు రెండు పూటలా శీతల కేంద్రానికి చేరాలంటే బండి కావాలి. బండి ఒక్క పూట ఆగితే ఊరంతటి పాలు విరిగిపోతాయి. కావున బండి మీద వచ్చే తగాదా సంఘానికి చిన్న విషయం కాదని మొదటే మనవి చేస్తున్నాను.

నా వద్దకు వచ్చిన ఒక సంఘం సంగతి చెబుతాను. పేర్లు మనకు అనవసరం. వారు ఒక మినీ లారీని లీజుకు తీసుకున్నారు. మాట్లాడుకున్నది షోరూం వారితో, సంతకాలు పెట్టింది షోరూంలోనే. కాగితం మీద మాత్రం లీజుకిచ్చినది వేరే ఊరి ఫైనాన్సు కంపెనీ. మూడో నెలలో గేర్‌బాక్సు చెడింది. సామాను రాలేదని షోరూం వారు బండిని ఇరవై రోజులు మూలన పెట్టారు. ఆటోలకు బాడుగ పోసి పాలు తోలిన సంఘం వారు, నడవని బండికి వాయిదా ఎందుకు కట్టాలని ఆపేశారు. వినేవారికి ఎవరికైనా ఇది న్యాయంగానే తోస్తుంది. ఆ తర్వాత బండి బాగై తిరిగి వచ్చింది గాని, తప్పిన వాయిదాల పేరు చెప్పి ఒకనాడు తెల్లవారుజామున నలుగురు మనుషులు దారిలో అడ్డగించి, క్యాన్లు దింపించి, బండి తోలుకొని పోయారు.

ఒప్పందం తెప్పించి చదివితే, బండి చెడి మూలపడినా వాయిదా ఆపరాదని ఒక షరతు ఉన్నది. చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో, పదకొండో పేజీలో. సంతకం పెట్టిన అధ్యక్షులవారికి కన్నడం, తెలుగు రెండూ బాగా వచ్చును. ఇంగ్లీషు రాదు.

ఇక్కడ ముగ్గురు ఉన్నారని గమనించగలరు. బండి అమ్మిన డీలరు, కొని మనకిచ్చిన కంపెనీ, తోలుకొనే మనం. డీలరును అడిగితే 'బిల్లు మీ పేరున లేదు' అంటాడు. కంపెనీని అడిగితే 'బండి మేము చేయలేదు' అంటుంది. కావున వారంటీ మీద డీలరును నేరుగా అడిగే హక్కు మనకు ఉండునట్లు ఒప్పందంలోనే రాయించుకోవాలి. ఆ ఒక్క వాక్యం ఉంటే తర్వాత సగం తగాదా తగ్గుతుంది.

అన్నిటినీ మనం లీజు అనే పిలుస్తాము గాని, లీజు వేరు, కిరాయి కొనుగోలు వేరు, బండిని తాకట్టుంచి తీసుకొన్న అప్పు వేరు. లీజులో గడువు తీరితే బండి కంపెనీదే. కిరాయి కొనుగోలులో చివరి వాయిదా కట్టి మన పేరుకు మార్చుకోవచ్చు. కాగితం మీద పేరు ఏదైనా అసలు వ్యవహారం ఏమిటో చూడాలని 1966లోనే సుందరం ఫైనాన్సు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కిరాయి కొనుగోలుకు 1972లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది గాని, దాన్ని సరిగా అమలుకు తేలేదు. 2005లో రద్దే చేశారు. ఎంత మంచి చట్టమైనా అట్ట మధ్యనే ఉండిపోతే రైతుకు ఏం లాభం? అందువల్ల మన హక్కులు చాలావరకు ఒప్పందం కాగితంలోనే ఉన్నాయి.

ఇక బండి లాక్కుపోవడం గురించి. ఇందులో రెండు వైపులా చెప్పాలి. రౌడీలను పెట్టి బండ్లు లాక్కోవడాన్ని సుప్రీంకోర్టు 2007లో ఐసీఐసీఐ బ్యాంకు కేసులో గట్టిగా ఖండించింది. 2011లో సిటీకార్ప్ మారుతి కేసులోనూ బలప్రయోగం కూడదన్నది. అంతమాత్రాన వాయిదాలు ఎగ్గొట్టి నిశ్చింతగా ఉండవచ్చని అనుకోకండి. 2020లో మాగ్మా ఫిన్‌కార్ప్ కేసులో, వాయిదాలన్నీ తీరేదాకా కిరాయి కొనుగోలు బండికి యజమాని ఫైనాన్సు కంపెనీయేనని, వాయిదా తప్పితే ఒప్పందం ప్రకారం తిరిగి తీసుకోవచ్చని అదే కోర్టు తేల్చింది. నోటీసు ఇవ్వనందుకు కొద్దిపాటి పరిహారం మాత్రం ఇప్పించింది. కావున బండి చెడితే వాయిదా ఆపవద్దు. 'హక్కులు వదులుకోకుండా కడుతున్నాము' అని రిజిస్టరు పోస్టులో రాసి, కట్టండి. ఆటో బాడుగ రసీదులు, విరిగిన పాల లెక్క, జాబ్ కార్డు నకలు దాచండి. రేపు నష్టం అడగడానికి అవే ఆధారం.

ఫిర్యాదు డీలరుకు రాస్తే చాలదు. బండి తయారుచేసిన కంపెనీకి కూడా నకలు పంపాలి. డీలరు 2011 మోడలు కారుకు బదులు 2009 మోడలు అంటగట్టిన ఒక గోవా కేసులో, ఆ సంగతి తయారీ కంపెనీకి తెలుసునని రుజువు కానందున దానిని బాధ్యురాలిని చేయలేమని 2021లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన ఉత్తరం వెళ్తే తెలియదనే మాటకు తావుండదు.

ఎక్కడ దావా వేయాలి? మనది మూడు వైపులా కర్ణాటక చుట్టిన ప్రాంతం. బండి తుమకూరులోనో బెంగళూరులోనో తీసుకుంటాము. ఒప్పందంలో 'తగాదాలన్నీ బెంగళూరు కోర్టులోనే' అని ఉంటుంది. సివిలు దావాలో అలాంటి షరతును కోర్టులు సాధారణంగా మన్నిస్తాయి. సంతకానికి ముందే దాన్ని కొట్టివేయించండి. వినియోగదారుల చట్టం దారి మరొకటి. 2019 చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చాక, ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ వింటుంది. 5 లక్షల వరకు ఫీజు లేదు. రెండేళ్లలోగా వేయాలి. మధ్యవర్తి షరతు ఉన్నా ఈ దారి మూసుకుపోదని 2018లో ఎమ్మార్ కేసులో తేలింది.

అయితే ఒక చిక్కు. వ్యాపారం కోసం తీసుకొన్న వస్తువుకు ఈ చట్టం వర్తించదు. సొంతంగా బండి కొని, దాన్ని తోలుకొని పొట్టపోసుకొనే సభ్యునికి మాత్రం మినహాయింపు ఉన్నది. సంఘం పేరున తీసుకొంటే అవతలివారు తప్పక అభ్యంతరం లేవదీస్తారు. సహకార సంఘం కూడా ఆ చట్టంలో 'వ్యక్తి' కిందికే వస్తుంది, వాదించడానికి చోటున్నది. కాని గెలుపు ఖాయమని నేను చెప్పను.

అన్నిటికంటె నన్ను భయపెట్టేది ఖాళీ చెక్కులు, సొంత హామీలు. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం హామీదారు బాధ్యత అసలు బాకీదారుతో సమానం. సంఘం కట్టకపోతే డైరెక్టరు సొంత భూమి మీదకు రావచ్చు. సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇచ్చినా బాకీకి ఇచ్చినట్లే భావిస్తామని 2019లో సుప్రీంకోర్టు అన్నది. కాదని రుజువు చేయవలసిన భారం మనదే. పాలకవర్గ తీర్మానం లేకుండా ఎవరూ సంతకం పెట్టకండి. హామీ తప్పనిసరైతే ఎంత మొత్తానికో అంకెల్లో రాయించండి.

నేను చెప్పిన సంఘం తగాదా చివరకు లోక్ అదాలత్‌లో రాజీ అయింది. బండి తిరిగి వచ్చింది, అపరాధ వడ్డీ మాఫీ అయింది, ఆటో బాడుగ మాత్రం పోయింది. అదాలత్ తీర్పుపై అప్పీలు లేదు గనుక రాజీ షరతులను తెలుగులో చదివించుకొని తర్వాతనే వేలిముద్ర వేయాలి.

ఇందాక రొళ్ల నుండి వచ్చిన అక్క ఒకరు, కిరాయి కొనుగోలులో వాయిదాలన్నీ తీరాక ఏం చేయాలని అడిగారు. ఫైనాన్సు కంపెనీ నుండి బాకీ లేదన్న పత్రం, సంతకం చేసిన 35వ నంబరు ఫారం తీసుకొని రవాణా కార్యాలయంలో ఇచ్చి, రిజిస్ట్రేషను పత్రం మీద కంపెనీ పేరు కొట్టివేయించాలి. కర్ణాటక నంబరు బండి మన రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంటే ఇక్కడి నంబరుకు మార్చాలి. ఆ పని చివరి వాయిదా కట్టిన వారంలోనే మొదలుపెట్టండి. చెక్కులు కూడా అదే రోజు లెక్కపెట్టి వెనక్కు తీసుకోండి.